సింగపూర్‌లో అద్దె ఇల్లు: సామాన్లతో తీసుకోవాలా, మనమే కొనుక్కోవాలా?

ప్రశ్న: మేము హైదరాబాద్‌లో ఉంటాము. నాకు సింగపూర్‌లోని చాంగీ బిజినెస్ పార్కులో ఉద్యోగం వచ్చింది. నెల జీతం 9,000 సింగపూర్ డాలర్లు. ఒప్పందం రెండేళ్లు, అందులో మొదటి ఆరు నెలలు ప్రొబేషన్. భార్య, నాలుగేళ్ల పాప నాతోనే వస్తున్నారు. మొదటి నెల వసతి కంపెనీయే చూస్తుంది. సిమే ప్రాంతంలో రెండు పడక గదుల కాండోలు (ప్రైవేటు అపార్ట్‌మెంట్లు) రెండు ఆన్‌లైన్‌లో చూశాము. మంచాలు, సోఫాతో సహా అన్నీ ఉన్న ఇంటికి నెలకు 3,600 డాలర్లు. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్, ఏసీలు మాత్రమే ఉన్న ఇంటికి 3,300 డాలర్లు అడుగుతున్నారు. రెండో ఇంటికి కావలసిన ఫర్నిచర్ 4,500 డాలర్లలో వస్తుందని లెక్క వేసుకున్నాము. రెండు ఇళ్లూ రెండేళ్ల లీజుకే ఇస్తామంటున్నారు. ఏది మేలు? అడ్వాన్సు కోసం ఫిక్స్‌డ్ డిపాజిట్ ఎంత తీయాలి?

జవాబు: మీ లెక్క ప్రకారం ఖాళీ ఇల్లే లాభంగా కనిపిస్తుంది. నెలకు 300 చొప్పున 24 నెలల్లో 7,200 డాలర్లు మిగులుతాయి. అందులో ఫర్నిచర్‌కు పెట్టిన 4,500 పోగా 2,700 డాలర్లు చేతిలో ఉంటాయి. అయితే ఈ లాభం 24 నెలలూ ఆ ఇంట్లోనే ఉన్నవారికి మాత్రమే దక్కుతుంది. 4,500ను 300తో భాగిస్తే 15 వస్తుంది కనుక, 15 నెలలు నిండకముందే ఇల్లు ఖాళీ చేస్తే ఫర్నిచర్ కొనుక్కున్నందుకు నష్టమే మిగులుతుంది. వాడిన మంచాలు, సోఫాలు కరౌసెల్ వంటి యాప్‌లలో అమ్ముకోవచ్చు గానీ, నెలాఖరులోగా ఇల్లు అప్పగించాల్సినవారికి బేరమాడే ఓపిక ఉండదు. పరుపులనైతే తీసుకెళ్లడానికి మనమే ఎదురు డబ్బు ఇవ్వాల్సి రావచ్చు. అందువల్ల మీరు తేల్చుకోవాల్సింది సోఫా ధర కాదు, ఆ ఇంట్లో ఎన్ని నెలలు కచ్చితంగా ఉంటారన్నది.

ఆరు నెలల ప్రొబేషన్‌లో ఉన్నవారు ఆ మాట కచ్చితంగా చెప్పలేరు. ఉద్యోగం పోతే, అక్కడ పనిచేయడానికి ఇచ్చే అనుమతి అయిన ఎంప్లాయ్‌మెంట్ పాస్ రద్దవుతుంది, మీ పాస్ మీద ఆధారపడిన భార్య, పాపల పాస్‌లూ దానితోపాటే పోతాయి. ఆ తర్వాత సాధారణంగా 30 రోజులు మాత్రమే అక్కడ ఉండే వీలుంటుంది. అద్దె ఒప్పందం మాత్రం రద్దవదు. ఇలాంటి పరిస్థితి కోసమే సింగపూర్ ఒప్పందాల్లో డిప్లొమాటిక్ క్లాజ్ అనే షరతు రాయించుకుంటారు. ఉద్యోగం పోయినా, కంపెనీ మరో దేశానికి బదిలీ చేసినా, ఆధారాలు చూపి లీజును మధ్యలో ముగించే హక్కు అద్దెదారుకు దీనివల్ల వస్తుంది. కానీ రెండేళ్ల లీజులో మామూలుగా ఈ హక్కు 12 నెలలు నిండాకే మొదలవుతుంది, ఆపైన రెండు నెలల నోటీసు ఇవ్వాలి. అంటే ఎంత తొందరపడినా 14 నెలల అద్దె తప్పదు. పైగా ఓనరు తన ఏజెంటుకు ఇచ్చిన కమిషన్‌లో మిగిలిన నెలలకు తగిన వాటాను మీ నుంచి రాబట్టుకుంటారు. ఈ షరతు దానంతటదే ఉంటుందని అనుకోకండి, రాయించుకుంటేనే ఉంటుంది. ఏ పరిస్థితుల్లో వర్తిస్తుందో ఆ వాక్యాన్ని మీ కళ్లతో చదివాకే సంతకం పెట్టండి.

కాబట్టి నా సలహా: సామాన్లతో ఉన్న ఇల్లే తీసుకోండి, కానీ రెండేళ్లకు కాకుండా ఒక ఏడాది లీజుకు అడగండి. ఏడాది లీజుకు అడ్వాన్సు సాధారణంగా ఒక నెల అద్దె, రెండేళ్లకైతే రెండు నెలలది. ఏడాది లీజులో డిప్లొమాటిక్ క్లాజ్ దొరకడం కష్టమే. అయినా మీ బాధ్యత ఎటు చూసినా 12 నెలల దగ్గరే ఆగుతుంది. దీనిలో ఉన్న ఇబ్బంది రెండో ఏడాది అద్దె. 2022లో సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్ల అద్దెల సూచీ ఒక్క ఏడాదిలోనే దాదాపు 30 శాతం పెరిగింది. ఆ సమయంలో లీజు ముగిసినవారు ఓనరు చెప్పిన అద్దెకు తల ఊపడమో, పెట్టె సర్దుకోవడమో చేయాల్సి వచ్చింది. అందుకే మరో ఏడాది పొడిగించుకునే అవకాశం మీ చేతిలో ఉండేలా, అప్పటి అద్దె ఎంతకు మించకూడదో అంకెతో సహా ఇప్పుడే రాయించుకోండి. ఓనరు ఏడాదికి ఒప్పుకోకపోతే డిప్లొమాటిక్ క్లాజ్‌తో రెండేళ్లకు తీసుకోవచ్చు; అప్పుడు కూడా సామాన్లున్న ఇల్లే మేలు, ఎందుకంటే 14వ నెలలో బయటపడాల్సి వస్తే రెండో ఇంట్లో మిగిలేది 4,200, ఫర్నిచర్‌కు పోయేది 4,500.

ఇక డబ్బు ఎంత కావాలన్నది. డాలరును 70 రూపాయలుగా తీసుకుంటున్నాను, మీరు పంపే రోజు రేటుతో సరిచూసుకోండి. సామాన్లున్న ఇంటికి ఏడాది లీజైతే మొదటి నెల అద్దె 3,600, అడ్వాన్సు 3,600, స్టాంపు డ్యూటీ 172 డాలర్లు. మొత్తం లీజు అద్దె మీద 0.4 శాతంగా ఉండే ఈ డ్యూటీని ఆనవాయితీగా అద్దెదారే కడతారు. అక్కడే సంతకాలైతే 14 రోజుల్లోగా కట్టాలి. మీ తరఫున వేరుగా ఏజెంటును పెట్టుకుంటే ఏడాది లీజుకు అర నెల అద్దె అడగడం మామూలు, దాని మీద జీఎస్టీ కలిపి 2,000 అనుకుందాం. ఒకే ఏజెంటు ఒకే లావాదేవీలో ఓనరు దగ్గర, మీ దగ్గర రెండు చోట్లా కమిషన్ తీసుకోవడం అక్కడ చట్టవిరుద్ధం, ఎవరైనా అడిగితే మొహమాటపడకండి. మొదటి జీతం వచ్చేదాకా ఇంటి ఖర్చులకు మరో 2,000 కలిపితే సుమారు 11,400 డాలర్లు, అంటే 8 లక్షల రూపాయలు. ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో అంతవరకే తీసి మిగిలినది ఉంచండి.

రెండో ఇంటిని రెండేళ్లకు తీసుకుంటే ఏజెంటు ఖర్చు, ఇంటి ఖర్చులు చేర్చకముందే అద్దె, రెండు నెలల అడ్వాన్సు, స్టాంపు డ్యూటీ, ఫర్నిచర్ కలిసి 14,716 డాలర్లు అవుతుంది. అది 10 లక్షల రూపాయలు దాటుతుంది. ఒక ఆర్థిక సంవత్సరంలో విదేశాలకు పంపే సొమ్ము 10 లక్షలు దాటితే, దాటిన భాగం మీద ఇలాంటి ఖర్చులకు బ్యాంకు 20 శాతం టీసీఎస్ (పంపేటప్పుడే ముందుగా పట్టుకునే పన్ను) వసూలు చేస్తుంది. రిటర్నులో సర్దుబాటయ్యే డబ్బే అయినా, కొత్త దేశంలో కాపురం పెట్టే నెలలో అది పన్ను శాఖ దగ్గర ఆగిపోవడం మంచిది కాదు. ఇంకో సంగతి: ఉద్యోగానికి వెళ్లాక మీ సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓ ఖాతాగా (విదేశాల్లో ఉండే భారతీయులు ఇక్కడ ఉంచుకునే రూపాయల ఖాతా) మార్చుకోవాలి, అప్పుడు డబ్బు పంపే పద్ధతీ కాగితాలూ మారిపోతాయి. మీ బ్యాంకు ద్వారా ప్రయాణానికి ముందే సింగపూర్‌లో ఖాతా తెరిచే వీలుందేమో ఇప్పుడే కనుక్కోండి.

జీతంలో 40 శాతం అద్దెకు పోవడం నాకు కొంచెం ఎక్కువే అనిపిస్తోంది. సింగపూర్‌లో ఆదాయపు పన్ను మన టీడీఎస్ లాగా నెలనెలా జీతంలోంచి కోయరు. ఏడాది గడిచాక ఒకేసారి నోటీసు వస్తుంది. అక్కడి రెసిడెంట్ రేట్ల ప్రకారం 1,08,000 డాలర్ల వార్షిక జీతానికి, మినహాయింపులు చూడకముందు, సుమారు 6,570 డాలర్ల పన్ను పడుతుంది. నెలకు 550 విడిగా తీసిపెట్టుకుంటే తప్ప ఆ నోటీసు మిమ్మల్ని ఇబ్బంది పెడుతుంది. అంత అద్దె భారమనుకుంటే తాంపినీస్ వైపు ప్రభుత్వ గృహాలైన హెచ్‌డీబీ ఫ్లాట్లు కూడా చూడండి. ఈత కొలను ఉండదు గానీ అద్దె తక్కువగా ఉంటుంది. ఫ్లాటును అద్దెకిచ్చేందుకు ఓనరుకు హెచ్‌డీబీ అనుమతి ఉందా, ఆ బ్లాకులో విదేశీయుల కోటా మిగిలి ఉందా అన్నవి మాత్రం ముందే అడగండి.

హైదరాబాద్‌లో కూర్చుని ఏ ఇంటికీ డబ్బు పంపకండి. కంపెనీ ఇచ్చే నెల రోజులు ఇళ్లు చూడటానికి చాలు. ఏజెంటు ఫోన్ నంబరును అక్కడి ఎస్టేట్ ఏజెన్సీల మండలి రిజిస్టరులో వెతికితే నిజమైన ఏజెంటో కాదో నిమిషంలో తెలుస్తుంది. ప్రైవేటు ఇళ్లను మూడు నెలలకు తక్కువగా అద్దెకివ్వడం అక్కడ నిషిద్ధం కనుక, కాండోను నెల రోజులకే ఇస్తామనే ప్రకటనల జోలికి పోవద్దు.

సామాన్లున్న ఇంట్లో డబ్బు పోయేది అద్దె దగ్గర కంటే అడ్వాన్సు దగ్గర. తాళాలు ఇచ్చే రోజున ఓనరు ఒక సామాన్ల జాబితా ఇస్తారు. అందులో 'సోఫా, 1' అని ఉంటే సరిపోదు. ఆ సోఫా రెక్సిన్ తేమకు ఇప్పటికే పొరలు లేస్తోందా, పరుపు మీద మరకలున్నాయా, బీరువా వెనక గోడకు బూజు పట్టిందా అన్నవి ఫోటోలు తీసి అదే రోజు ఓనరుకు ఈమెయిల్ చేయండి. ఏడాది పొడవునా ఉక్కపోతగా ఉండే ఊరు కాబట్టి ఈ మూడూ అక్కడ మామూలే. మన వంటింటికి ఇంకో జాగ్రత్త కావాలి. ఒప్పందంలో తేలికపాటి వంట మాత్రమే అన్న షరతు ఉందేమో చూసుకోండి, ఉంటే తీయించండి. పోపు జిడ్డు పట్టిన చిమ్నీ, తెల్ల గట్టు మీద పసుపు మరక, ఈ రెండింటికీ ఖాళీ చేసేటప్పుడు బిల్లు వేసే ఓనర్లున్నారు. మిక్సీ, గ్రైండర్ ఇక్కడివే తీసుకెళ్లవచ్చు. కరెంటు అక్కడా 230 వోల్టులే, ప్లగ్గు మాత్రం మార్చుకోవాలి.

ఏసీలకు మూడు నెలలకోసారి సర్వీసింగ్ చేయించే బాధ్యత ఒప్పందం ప్రకారం సాధారణంగా అద్దెదారుదే; ప్రతి రసీదూ దాచండి. చిన్న మరమ్మతుల్లో ఎంత మొత్తం వరకు మీరు భరించాలో ఒక అంకె ఉంటుంది, దానిని తగ్గించమని బేరమాడండి. మొదటి 30 రోజుల్లో బయటపడిన లోపాలన్నీ ఓనరే సరిచేయించాలన్న వాక్యం కూడా ఉండాలి. మామూలు వాడకంతో వచ్చే అరుగుదలకు కోత వేస్తే, ఒప్పందం రెండేళ్లకు మించనంతవరకు, 20,000 డాలర్ల దాకా వివాదాలను స్మాల్ క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌కు వకీలు లేకుండానే తీసుకెళ్లవచ్చు.

చివరి నెల అద్దెను అడ్వాన్సులోంచి సరిపెట్టుకోమని చాలామంది అడుగుతారు గానీ, ఒప్పందాలు దానికి ఒప్పుకోవు. దేశం విడిచే ముందు పన్ను లెక్క తేలేదాకా కంపెనీ మీ ఆఖరి జీతాన్ని ఆపి ఉంచుతుంది. అడ్వాన్సు కూడా ఇల్లు అప్పగించిన రెండు వారాల తర్వాతే చేతికి వచ్చేలా రాస్తుంటారు. కాబట్టి తిరుగు టికెట్ల డబ్బును, ఒక నెల అద్దెను విడిగా ఉంచుకోండి. ఆ రెండు మొత్తాలూ జమ అయ్యేదాకా సింగపూర్ బ్యాంకు ఖాతాను, దానికి జతచేసిన అక్కడి ఫోన్ నంబరును రద్దు చేయకండి.