అమ్మ దవడలో ఎముక లేదన్నారు.. ఇంప్లాంట్లు కుదురుతాయా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. అమ్మకు 64 ఏళ్లు. ఆరేళ్ల కిందట పళ్లన్నీ తీసేశారు. కింది కట్టుడుపళ్ల సెట్టు మాట్లాడితేనే జారిపోతోంది. జావ, మెత్తటి అన్నంతో కాలక్షేపం చేస్తోంది. ఎముక అరిగిపోయిందని, కొలత తీసి ప్రత్యేకంగా ఇంప్లాంటు చేయించాలని డాక్టర్ అంటున్నారు. అమ్మకు షుగర్ ఉంది, అడ్డపొగ తాగుతుంది. చేయించమంటారా?

జవాబు: ముందు ఒక పని చేయండి. అమ్మగారి చేత పై సెట్టు తీయించి, నోరు బాగా తెరవమని టార్చిలైటుతో అంగిలి చూడండి. అడ్డపొగ తాగేవాళ్లకు, అంటే చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని పీల్చేవాళ్లకు, క్యాన్సర్ ముప్పు ఎక్కువగా ఉండేది అక్కడే. శ్రీకాకుళం నుంచి మీ గంజాం, గజపతి వైపు దాకా ఆడవాళ్లలో ఇది పాత అలవాటు. పైన సెట్టు ఉంటే అంగిలి ఎవరికీ కనబడదు, నాకు భయం అందుకే. తెల్లగా మందంగా ఉన్నా, మధ్యలో ఎర్రటి చుక్కలున్నా, రెండు వారాలైనా మానని పుండున్నా ఇంప్లాంటు మాట పక్కన పెట్టి వెంటనే డాక్టర్‌కు చూపించండి. మీకేమీ కనబడకపోయినా ఒకసారి డెంటిస్టుతో చూపించడం తప్పనిసరి.

ఇక ఎముక సంగతి. నమిలేటప్పుడు పంటి వేరు మీద పడే ఒత్తిడే దవడను నిలబెడుతుంది. పళ్లు పోతే ఎముక కరుగుతూ పోతుంది. కింది దవడలో ఈ అరుగుదల మరీ ఎక్కువ. సెట్టు కూర్చోవడానికి గట్టే లేకపోతే ఎంత బాగా చేసినా జారుతుంది.

మామూలు ఇంప్లాంటు ఎముకలోకి దిగే టైటానియం స్క్రూ. మీ డాక్టర్ చెప్పింది ఎముక మీద, చిగురు కింద, గుర్రం మీద జీనులా కూర్చునే చట్రం. స్కాన్ తీసి, ఆ ఎముక ఎత్తుపల్లాలకు సరిపడేలా కంప్యూటర్‌లో గీసి, త్రీడీ ప్రింటర్‌లో టైటానియంతో తయారుచేస్తారు. ఇది 1940ల నాటి ఆలోచనే. అప్పట్లో చిగురు కోసి ఎముక మీదే అచ్చు తీసేవారు, అమర్చడానికి మళ్లీ ఇంకో ఆపరేషన్. ఇప్పుడు అమరిక చాలా మెరుగైంది. అయినా చిగురు జరిగి లోహం బయటపడటం, చీము పట్టడం పూర్తిగా పోలేదు. చుట్ట, షుగర్ రెండూ ఉన్నవాళ్లకు ఆ ముప్పు ఇంకా ఎక్కువ.

అందుకే దాన్ని ఆఖరి దారిగా ఉంచుకోమంటాను. వెనక ఎముక పోయినా గడ్డం దగ్గర చాలామందికి కొంత మిగిలే ఉంటుంది. అక్కడ రెండు మామూలు ఇంప్లాంట్లు వేసి, సెట్టును వాటికి చొక్కా గుండీల్లా తగిలించవచ్చు. పళ్లు లేని కింది దవడకు మొదట చూడాల్సిన వైద్యం ఇదేనని 2002లో కెనడాలోని మెక్‌గిల్ యూనివర్సిటీలో కూర్చున్న నిపుణులు కూడా తేల్చారు. ఖర్చు కూడా బాగా తగ్గుతుంది. బరంపురంలోనో విశాఖలోనో దవడకు సీబీసీటీ (ఎముకను త్రీడీలో చూపే) స్కాన్ తీయించి, ‘ముందు భాగంలో రెండు ఇంప్లాంట్లకు ఎముక ఉందా?’ అని అడగండి.

ఏది చేయించినా మూడు నెలల షుగర్ పరీక్ష (హెచ్‌బీఏ1సీ) 7 శాతం దరిదాపుల్లోకి రావాలి, చుట్ట మానాలి. ఇన్నేళ్ల అలవాటు ఒక్కరోజులో పోదు, కోప్పడకుండా దగ్గరుండి మాన్పించండి. ఎముకల బలానికి ఎప్పుడైనా ఇంజెక్షన్లు, వారానికో మాత్ర వాడి ఉంటే ఆ చీటీ తప్పక చూపించండి. వాటిలో కొన్నింటి వల్ల ఆపరేషన్ తర్వాత దవడ ఎముక మానకపోయే ముప్పు ఉంది. ఈలోగా సెట్టు లోపల కొత్త పొర వేయిస్తే కొంత నిలుస్తుంది. జావతోనే సరిపెట్టకుండా గుడ్డు, మెత్తగా ఉడికిన పప్పు, ముళ్లు తీసిన చేప పెట్టండి.