కౌన్సెలింగ్‌కి పోతే బొమ్మలు గీయమంటున్నరు, ఇదేం ట్రీట్‌మెంట్ సార్?

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గర, 41 ఏళ్లు. ఉగాది ముందు మా ఆయన హార్ట్ ఎటాక్‌తో పోయిండు. పిల్లలు, చేను, అప్పు అన్నీ నా మీదనే పడ్డయి. హన్మకొండల కౌన్సెలింగ్‌కి పోతే మేడం కాగితం మీద ఆరు గళ్లు గీసి కథ లెక్క బొమ్మలెయ్యమన్నది. నాకు ముగ్గు తప్ప ఏం రాదు.

జవాబు: ముగ్గొస్తే చాలమ్మా, గీత వంకర పోతే ఎవరూ మార్కులు కొయ్యరు. మేడం చేయించింది సిక్స్ పార్ట్ స్టోరీ అనే పద్ధతిలా ఉంది, మూలీ లహాద్ అని ఇజ్రాయెల్ సైకాలజిస్ట్‌ది, లెబనాన్ బార్డర్‌లో రాకెట్లు పడే కిర్యత్ ష్మోనాలో పనిచేసినాయన. హీరో ఎవరు, ఏం పని మీద పోతున్నడు, సాయం ఎవరు, అడ్డమేంది, ఎట్ల దాటిండు, తర్వాత ఏమైంది, ఇవే ఆ ఆరు గళ్లు. మీ బలమేంది అని సూటిగా అడిగితే దుఃఖంల ఉన్నోళ్లు నాకేం బలముంది సార్ అంటరు, అదే కథ చెప్పమంటే తెలీకుండనే బయటపెడతరు.

మా దగ్గరికొచ్చిన ఒకామె బర్రెను హీరో చేసింది. అది వాగు దాటాలె. సాయం గడిలో ఏం గీయలే, కానీ ఐదో గడి నిండిపోయింది, బర్రె ఒడ్డెంబడి నడుసుకుంట నీళ్లు ఏడ తక్కువున్నయో చూసుకొని అక్కడ దిగిందట. అంటే ఆమె తట్టుకునేది ఆలోచనతోని, ఒళ్లు కదిలించే పనితోని. చుట్టాలేమో గుడికి పో, మనసు కుదుటపడతదని ఒకటే పోరు! లహాద్ లెక్కన దారులు ఆరు: నమ్మకం, మనసులది బయటపెట్టుడు, మనుషులు, ఊహ, ఆలోచన, ఒళ్లు. ఒక్కొక్కరికి ఒక్కోటి ఎక్కువ అలవాటు. ఆమెతోని ముందు అప్పుల లెక్క నోట్‌బుక్‌లో రాయించినం, పొద్దున చేనుకాడికి పొమ్మన్నం, మనుషుల్లో కలుసుడు తర్వాత మెల్లగా మొదలైంది.

ఒక్క బొమ్మ చూసి మీరిట్లాంటోళ్లు అని తేల్చేస్తే మాత్రం నమ్మకండి, ఇది జాతకం కాదు. గీస్తుంటే గుండె దడ, ఏడుపు ఆగకపోతే అక్కడే ఆపి మేడంకి చెప్పండి. రెండు వారాలకు పైన నిద్ర, తిండి సరిగ్గ లేకపోయినా, చచ్చిపోవాలనే ఆలోచన ఒక్కసారొచ్చినా బొమ్మలతో సరిపెట్టుకోవద్దు, వరంగల్ ఎంజీఎం దవాఖానల సైకియాట్రీ ఓపీకి పోండి, రాత్రయినా సరే టెలిమానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులో మాట్లాడతరు.

ఇంకోటి, డాక్టర్ చెప్పేది కాదు గానీ చెప్తున్నా. మీ ఆయనకు పట్టా ఉండి, వయసు 59 లోపుండి, రైతుబీమాలో పేరుంటే 5 లక్షలొస్తయి, మీ ఏఈఓని, అంటే వ్యవసాయ విస్తరణ అధికారిని అడిగిన్రా?