పరాన్నజీవుల్లో సైనికులు ఉంటారా అంటే, నేను చూశాను

"చీమల్లో, చెదపురుగుల్లో ఉన్నట్టు పరాన్నజీవుల్లో కూడా సైనికులు, పని పంపకాలు ఉంటాయా?" అని అడిగారు. ఉంటాయి. చీమలకంటే పకడ్బందీగా ఉంటాయని కూడా అంటాను.

పీజీ ప్రాజెక్టులో నాకు మంచినీటి నత్తల్లోని ఫ్లూక్ పురుగుల (చదునుగా ఉండే పరాన్నజీవి పురుగులు) పని అప్పజెప్పారు. పరమ బోరు పని. గుల్ల పగలగొట్టాలి, లోపలున్నవి మైక్రోస్కోప్‌ కింద చూసి రాసుకోవాలి. ఒక నత్తలో పునరుత్పత్తి అవయవం ఆనవాలే లేదు, ఆ జాగా అంతా రీడియాలే, అంటే నత్తలోనే పిల్లల్ని పుట్టించే ఫ్లూక్ లార్వాలే. పెద్దవాటికి ఒంటి నిండా పిల్లలు, కదలిక అంతంతమాత్రం. వాటి మధ్య అదే జాతివి సన్నటివి కొన్ని, క్షణం కుదురుగా ఉండవు. ఒళ్లు ఇంతే, నోరు మాత్రం ఒంటికి మించినది. మరో నత్తలోంచి తీసిన వేరే జాతి లార్వాను అదే గాజు పళ్లెంలో వేశాను. సన్నటిదొకటి పోయి దాన్ని కరిచి పట్టుకుంది. ఇక వదిలితే ఒట్టు! లోపలి సరుకంతా పీల్చేస్తుంటే బయటికే కనిపిస్తోంది. పక్కనే ఉన్న పెద్ద రీడియాలకు చీమ కుట్టినట్టు కూడా లేదు.

మా గైడ్ ఓసారి చూసి "ఎదగని రీడియాలు అని రాసెయ్" అన్నారు. రాయక చస్తానా! మన జంతుశాస్త్రం పుస్తకాలూ అంతే. ఫ్లూక్ జీవిత దశలంటూ మిరాసిడియం, స్పోరోసిస్ట్, రీడియా, సర్కేరియా, మధ్యలో బాణాలు, మార్కులు. రీడియాల్లో రెండు రకాలు ఉండొచ్చన్న అనుమానమే ఎవరికీ రాదు.

2011లో శాస్త్రవేత్త హెచింగర్ బృందం కాలిఫోర్నియా ఉప్పునీటి నత్తల్లో హిమాస్త్లా అనే ఫ్లూక్‌కి సైనిక వర్గం ఉందని చూపించింది. శత్రువు చొరబడే వైపే ఆ సైనికులు ఎక్కువగా కాపలా ఉంటాయి. 2024లో హాప్లోర్కిస్ అనే మరో ఫ్లూక్ సంగతి బయటికొచ్చింది. దాని సైనికుల్లో పిల్లల్ని పుట్టించే కణాల ముద్దే లేదు, అంటే అవి ఎప్పటికీ తల్లులు కాలేవు. ఇక "ఎదగనివి" అన్న మాటకు అర్థమేముంది? నత్త ఎవరి చేతిలో పడితే వాళ్లకు ఏళ్ల తరబడి తిండీ ఇల్లూ. లోపలున్నవన్నీ ఒకే గుడ్డు నుంచి వచ్చిన క్లోన్లు. ఒకటి చచ్చినా దాని జన్యువులు పక్కదానిలో పదిలం.

కోపిడోసోమా అనే పరాన్నజీవి కందిరీగదీ ఇదే పద్ధతి. గొంగళిపురుగు లోపల ఒక్క గుడ్డు వేల లార్వాలవుతుంది. వాటిలో సైనికులు ఎప్పటికీ కందిరీగలు కావు, లోపలే చస్తాయి. ఆడ సైనికులైతే మరో గుడ్డు నుంచి వచ్చిన సొంత అన్నదమ్ముల్ని కూడా చంపేస్తాయి.

పరాన్నజీవులంటే వేరే జాతి చీమల్ని బానిసలుగా పట్టి వాటి మీద బతికే పాలియెర్గస్ చీమల గురించే అందరూ గొప్పగా చెబుతారు, నాకు ఒళ్లు మండుతుంది. వాటిలో శ్రామికులన్నీ సైనికులే, దవడలు కొడవళ్లు. కానీ తిండి కూడా తినలేవు. 1810లో చీమల మీద పరిశోధన చేసిన పియరీ హ్యూబర్ రాసిన ముచ్చట ఉంది. వాటిని పుష్కలంగా తిండి పెట్టి విడిగా ఉంచితే చాలావరకు ఆకలితో చచ్చాయి. ఒక్క బానిస చీమను వదిలితే అదే మిగిలినవాటికి తినిపించి బతికించింది. దీన్ని కూడా పని విభజన అంటే నేనొప్పుకోను.