ఈ ఏడాది బర్డ్ వాక్‌లు నువ్వు చూసుకుంటావు కదా

చిరంజీవి అమ్మాయికి మాస్టారి ఆశీస్సులు.

మన క్లబ్బు బర్డ్ వాక్‌ల పని ఈ ఏడాది నీ చేతికి వచ్చిందని విన్నాను. సంతోషం. నెలకో ఆదివారం తేదీ వేసేసి, ఆ తర్వాత చోటు వెతుక్కునే పద్ధతి మాత్రం మానెయ్. ఏ పిట్ట ఏ నెలలో ఎక్కడ ఉంటుందో ముందు రాసుకో, తేదీలు వాటంతటవే కుదురుతాయి. సెలవులు కదా అని మే నెలలో కొండకర్ల ఆవ సరస్సుకి జనాన్ని పట్టుకెళ్తే, వలస బాతులు ఎప్పుడో ఉత్తరానికి వెళ్ళిపోయి ఉంటాయి. మనకి మిగిలేది ఉక్కపోతే.

కొండకర్లకి డిసెంబరు, జనవరి పెట్టుకో. తెల్లారేసరికి గట్టు మీద ఉండాలంటే విశాఖలో ఐదింటికల్లా బండ్లు కదలాలి. అక్కడి తాటి దోనెలు చూశావు కదా, తాటి మొద్దులు తొలిచి జంటగా కట్టినవి. నీటికి బాగా దగ్గరగా కూర్చుంటాం కాబట్టి పిట్టలు అంతగా బెదరవు. ఫోటో కోసం లేచి నిలబడే రకాన్ని మాత్రం గట్టు మీదే ఉంచు. లైఫ్ జాకెట్ లేకుండా ఎవరినీ ఎక్కించకు. ఏ మూల ఏముందో దోనె నడిపే ఆయన్నే అడుగు, పుస్తకం తర్వాత తియ్యొచ్చు.

తామరాకుల మీద నడిచే జకానాని చూపించే ముందు ఒక మాట చెప్పు. ఫోటోల్లో చూసిన కొడవలి లాంటి పొడుగు తోక కోసం అందరూ వెతుకుతారు. ఆ తోక వానల్లో గుడ్లు పెట్టే రోజులకే. చలికాలంలో అది ఉండదు. మెడ పక్కన లేత పసుపు, దాన్ని ఆనుకుని నల్లగీత, ఆకు మీద పరుచుకునే పొడవాటి కాలివేళ్ళు, ఇవీ గుర్తులు. చెప్పకపోతే కళ్ళ ముందున్న పిట్టనే వదిలేసి ఇంకేదో వెతుకుతూ ఇంటికెళ్తారు.

ఆసియా నీటిపక్షుల గణన జనవరిలోనే జరుగుతుంది. 1987 నుంచీ నడుస్తోంది కాబట్టి మన లెక్కల కాగితం ఎంత నిజాయితీగా ఉంటే అంత విలువ. గుంపులో ముందు పది పిట్టల్ని లెక్కపెట్టి, అవి ఎంత మేర ఉన్నాయో చూసుకుని, మిగతాదాన్ని అలా పదులుగా కొలవడం కొత్తవాళ్ళకి నేర్పు. ఏ బాతో తేలకపోతే 'బాతు' అని రాస్తే చాలు. జాబితా పెంచుకోవాలనే సరదా మనవాళ్ళకి మరీ ఎక్కువ, అక్కడ నువ్వు కాస్త గట్టిగా ఉండాలి.

కంబాలకొండ అడవికి మే చివర, జూన్ మొదట్లో వెళ్ళండి. పొన్నంకి పిట్ట రెండు స్వరాల ఈల వేసేది తెల్లవారుజామునా, సందె వేళా. అందరూ తలెత్తి కొమ్మలు చూస్తుంటే, అది కింద ఎండుటాకులు తిరగేసుకుంటూ ఉంటుంది. ఎవరో ఒకరు ఫోన్‌లో దాని కూత పెట్టి పిలుద్దామంటారు. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్‌తో వినడం వరకూ సరే, పిట్టకి వినిపించడం వద్దు. తన చోటులోకి ఇంకోటి వచ్చిందనుకుని, గూడు వదిలి కొట్లాటకి వస్తుంది. గుడ్లు పెట్టే కాలంలో ఆ పని మహా పాపం.

దసరాకి పిల్లల్ని పిలు. రాష్ట్ర పక్షి ఇప్పుడు రామచిలుకే అయినా, దసరా నాడు మనకి పాలపిట్టే కనబడాలి కదా! భీమిలి రోడ్డు పక్క పొలాల్లో తీగల మీద చూడండి. కూర్చున్నప్పుడు మట్టిరంగులో మామూలుగా ఉంటుంది, ఎగిరే దాకా ఆగమను. రెక్క విప్పగానే ఆ నీలం చూసి పిల్లలు అరుస్తారు, అరవనియ్. ఎవరైనా పంజరంలో పెట్టి చూపించి డబ్బులడిగితే మాత్రం అటవీశాఖకి చెప్పాల్సిందే. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరం.

భీమిలిలో గోస్తనీ సముద్రంలో కలిసే చోటుకి చలికాలంలో ఒక ఉదయం చాలు. లంబసింగికి అయితే రాత్రి ఉండేలా వెళ్ళండి, మంచు విడిచేదాకా పిట్టలు కదలవు. ఆ రాత్రి చలిమంట దగ్గర కె.ఎస్.ఆర్. కృష్ణరాజు గారి గురించి చెప్పు. మన తూర్పు కనుమల పక్షుల మీద పనిచేసిన విశాఖ మనిషి. అబ్బట్స్ బాబ్లర్ అనే చిన్న అడవిపిట్టలో ఇక్కడి ఉపజాతికి 1985లో రిప్లే, బీలర్ ఆయన పేరే పెట్టారు, కృష్ణరాజుయి అని. మన క్లబ్బులో సగం మందికి ఈ సంగతి తెలీదు.

ఇక మనుషుల సంగతి. పన్నెండు మంది దాటితే రెండు జట్లు చెయ్. బైనాక్యులర్ చేతికిచ్చి ఊరుకోకు, నడక మొదలెట్టే ముందే సరిచేయడం చూపించు. కుడికన్ను మూసి నడిమి చక్రం తిప్పాలి, తర్వాత ఎడమకన్ను మూసి కుడివైపు రింగు తిప్పాలి. కళ్ళజోడు ఉన్నవాళ్ళు ఐకప్పులు కిందకి దించుకోవాలి. కొత్తగా కొనేవాళ్ళకి 8x42 చెప్పు, అంటే ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం 42 మిల్లీమీటర్లు. 10 రెట్లది అయితే చెయ్యి వణుకు కూడా పెద్దదై కనిపిస్తుంది. టిఫిన్ తొమ్మిదింటికి పెట్టు, ఆలస్యమైతే పిల్లలు విసుగెత్తి మళ్ళీ రారు. ఇడ్లీ తింటుండగానే జాబితా పైకి చదివించు, ఆ రోజు మొదటిసారి వచ్చినవాళ్ళ చేత.

జనవరి గణనకి నేనూ వస్తాను. మోకాళ్ళ సంగతి నీకు తెలుసుగా, గట్టు మీద కూర్చుని రాసుకునే పని నాకు ఉంచు.

మీ మాస్టారు