పగిలిన డాష్‌బోర్డును ఇంట్లోనే మార్చవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు వాడిన పాత కారు డాష్‌బోర్డు ముందు అద్దం వైపు మూడు చోట్ల పగిలింది. అదే మోడల్‌ది మంచి డాష్‌బోర్డు ఒకటి దొరికింది. నేనే మార్చుకోగలనా?

జవాబు: తప్పకుండా మార్చుకోగలరు. నా కారుకు నేనే మార్చుకున్నాను, రెండు రోజులు పట్టింది. నాన్నగారి కారు కాబట్టి తొందరపడకండి.

ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న కారైతే దాన్ని మాత్రం తెలిసిన మెకానిక్‌తోనే తీయించండి. ఈ విషయంలో నేను మొహమాటపడను.

విప్పడం కంటే ఏది ఎక్కడిదో గుర్తుంచుకోవడమే కష్టం. ప్రతి భాగం స్క్రూలను విడి కవరులో వేసి పేరు రాయండి. ప్రతి తీగకూ చీటీ అంటించి, ఊడదీసే ముందే ఫొటో తీయండి. డాష్‌బోర్డు కదలకపోతే బలంగా లాగవద్దు, ఎక్కడో ఒక స్క్రూ మిగిలి ఉంటుంది. నాకు చివరిది అద్దం అంచున, గాలి వచ్చే జాలీ కింద కనిపించింది. దాని కోసం గంటసేపు వెతికాను! పాత కార్లలో స్పీడోమీటరు కేబుల్‌ను కూడా విడదీయాలి.

బయటికి తీసేటప్పుడు ఇంకొకరి సాయం తీసుకోండి. కొత్తది బిగించే ముందు, వెనక భాగం తెరిచి ఉండగానే, హీటరు గొట్టాలనూ రాసుకుపోయిన తీగలనూ చూసుకోండి. ఎండకూ వేడికీ డాష్‌బోర్డు మీది వినైల్ అనే ప్లాస్టిక్ పొర మెత్తదనం పోయి పగులుతుంది కాబట్టి, ఇకపై కారు నిలిపినప్పుడు అద్దానికి తెర వేయండి.