పక్కింటి కొబ్బరిచెట్టు మా రేకుల మీదికి వాలింది, మేమే నరికించవచ్చా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా కవిటి మండలంలో ఒక ఊరు. మావారు దుబాయిలో పనిచేస్తున్నారు. అత్తగారు, ఇద్దరు పిల్లలతో నేను ఇక్కడ ఉంటున్నాను. పక్కవాళ్ల పెరట్లోని కొబ్బరిచెట్టు మా వంటింటి రేకుల మీదికి బాగా వాలింది. కాయలు పడి రెండుసార్లు రేకులు పగిలాయి. వాళ్ల పనసకొమ్మలు మా ప్రహరీ దాటి వచ్చాయి, గోడ కూడా బీట తీసింది. అడిగితే "చెట్లు మా నాన్న నాటినవి, మీరు ఇల్లు కట్టింది మొన్న. చూసుకుని కట్టుకోవలసింది" అంటున్నారు. వరసకు ఆయన మాకు మావయ్య, గట్టిగా మాట్లాడలేం. మా వైపు పడిన పనసకాయ తీసుకున్నా గొడవే. చెట్టు మొదట్లో యాసిడ్ పోసెయ్యమని మా తమ్ముడు అంటున్నాడు. మా వైపు వచ్చినంత మేర మేమే నరికించుకోవచ్చా?

సమాధానం: అమ్మా, ముందుగా యాసిడ్ మాట. ఆ పని మీరు చెయ్యకండి, తమ్ముణ్ణీ చెయ్యనివ్వకండి. పరాయివాళ్ల చెట్టును కావాలని చంపితే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 324వ సెక్షన్ కింద నేరం. మామూలుగా ఆరు నెలల వరకు, నష్టం 20,000 రూపాయలు దాటితే రెండేళ్ల వరకు జైలు పడవచ్చు. ఇవాళ న్యాయం మీ పక్షాన ఉంది. ఆ ఒక్క సీసాతో మీరు ఫిర్యాదుదారు స్థానం నుంచి ముద్దాయి స్థానంలోకి వెళ్లిపోతారు.

మీరు రెండు చెట్ల గురించి ఒకే ప్రశ్న అడిగారు. కానీ రెండింటికీ ఒకే జవాబు చెప్పలేను. పనస సంగతి తేలిక, అది ముందు చెబుతాను.

పక్కవాళ్ల కొమ్మలు మీ హద్దు దాటి వస్తే, దాటిన మేరకు మీరే కత్తిరించుకోవచ్చు. ఇంగ్లండులో లెమన్, వెబ్ అనే ఇద్దరి మధ్య నడిచిన వ్యాజ్యంలో హౌస్ ఆఫ్ లార్డ్స్ 1894లో ఈ మాట తేల్చింది. మన కోర్టులూ దాన్నే అనుసరిస్తూ వచ్చాయి. అయితే మీ స్థలంలో నిలబడే కొయ్యాలి. వాళ్ల పెరట్లో కాలు పెట్టినా, చెట్టెక్కినా అది అక్రమ ప్రవేశం అవుతుంది. హద్దుకు అవతల ఒక్క మూర కూడా కొయ్యకూడదు. ముందుగా చెప్పాలన్న నియమం చట్టంలో లేదు, అయినా ఒక వారం ముందు నలుగురి ఎదుట చెప్పి కొట్టించండి. కొట్టిన కలప వాళ్లది, గోడ పక్కన పెట్టి తీసుకెళ్లమనండి.

కాయల విషయంలో మావయ్యగారి మాటే చట్టం. కొమ్మ మీ ఇంటి మీద ఉన్నా, కాయ మీ వాకిట్లో పడినా, అది చెట్టు యజమానిదే. అలాగని తీసుకోవడానికి మీ అనుమతి లేకుండా ఆయన గేటు తోసుకుని రాకూడదు. పిల్లలు రెండు తొనలు తిన్నంత మాత్రాన ఏ పోలీసూ కేసు కట్టడు గానీ, కోసి అమ్మితే మాత్రం దొంగతనం అన్న మాట పడాల్సి వస్తుంది. తగాదా తేలేవరకు పడిన కాయను గోడ మీద పెట్టేయండి.

గోడ బీట విషయంలో అనుమానించవలసింది పనసనే. కొబ్బరివి పీచువేళ్లు, గోడను చీల్చేంత లావుకు ఊరవు. మీ వైపు వచ్చిన పనసవేరును మీరు కొట్టించుకోవచ్చు గానీ, లావు వేరు కొట్టేస్తే చెట్టు పట్టు తప్పి కూలవచ్చు. అలా కూలితే ఆ నష్టం మీ మెడకు చుట్టుకుంటుంది. వేరు జోలికి వెళ్లేముందు రైతు సేవా కేంద్రంలోని ఉద్యాన సహాయకుణ్ణి పిలిచి చూపించండి.

ఇక కొబ్బరి. అసలు చిక్కు ఇక్కడే. న్యాయశాస్త్ర పుస్తకాలన్నీ కొమ్మల గురించి మాట్లాడతాయి. కొబ్బరికి కొమ్మలుండవు, ఉన్నది ఒక్కటే మొవ్వు. మీ రేకుల మీదికి వచ్చింది ఆ మొవ్వే. అది కోస్తే చెట్టు చచ్చిపోతుంది. మీ హద్దులో నిలబడే కోశామన్నా, చేసింది పక్కవాడి చెట్టును చంపడమే అవుతుంది. కొమ్మలు కొట్టుకునే హక్కును అంత దూరం లాగమని నేను మీకు చెప్పలేను. మీ వైపు వేలాడే ఎండుమట్టలు మాత్రం మీ స్థలంలోంచే దోటితో లాగేయవచ్చు. అంతకు మించి వెళ్లాలంటే అధికారి ఉత్తర్వో, కోర్టు ఉత్తర్వో ఉండాలి.

"చెట్టు ముందు, ఇల్లు తర్వాత" అన్న వాదన కోర్టులో నిలబడదు. ఉపద్రవం (చట్టం భాషలో, ఇరుగుపొరుగుకు కలిగించే ఇబ్బంది) ముందునుంచీ ఉంది, నువ్వే దాని దగ్గరికి వచ్చావు అనడం జవాబు కాదని న్యాయస్థానాలు ఎప్పుడో తేల్చేశాయి. పక్కవారి స్థలం మీద ఉండే హక్కుల గురించి చెప్పే 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ప్రకారం 20 ఏళ్లు అనుభవిస్తే కొన్ని హక్కులు వస్తాయన్నది నిజమే. కానీ పక్కవాడి స్థలం మీద కొమ్మలు చాచుకునే హక్కు అలా రాదని బొంబాయి హైకోర్టు 19వ శతాబ్దం చివర్లోనే చెప్పింది. ఏటేటా పెరిగే చెట్టుకు 20 ఏళ్ల కిందటి కొలత ఎక్కడిది?

మావయ్యగారు చెప్పగల ఇంకో మాట, గాలివానకు పడితే మా తప్పేముంది, దైవాధీనం కదా అని. ఈ మాటకు చట్టంలో చోటుంది. ఎవరూ ఊహించని ప్రకృతి విపత్తులో గట్టి చెట్టు కూలితే యజమాని మీద బాధ్యత పడదు. కానీ మనది ఉద్దానం. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను, 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను. తిత్లీ రోజున ఎన్ని కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇక్కడ గాలి వస్తుందని తెలియదనడం కుదరదు. పైగా చెట్టు వాలిందని, ప్రమాదముందని మీరు రాతపూర్వకంగా తెలియజేసి ఉంటే, ఆ తర్వాత ఏం జరిగినా అది నిర్లక్ష్యం లెక్కలోకి వస్తుంది. మీరు వెంటనే చెయ్యవలసిన పని ఆ తెలియజేయడమే. లాయరు నోటీసే కానక్కర్లేదు. తెల్లకాగితం మీద మర్యాదగా, "మావయ్యగారికి" అనే మొదలుపెట్టి, చెట్టు వాలిన సంగతి, రేకులు పగిలిన తేదీలు, మీరు కోరేది రాసి స్పీడ్ పోస్టులో పంపండి. అందినట్టు రుజువు, నకలు దాచుకోండి.

కోరేటప్పుడు ఏం కోరుతున్నారో బాగా ఆలోచించండి. తిత్లీ తర్వాత మిగిలిన కాపుచెట్టు అంటే ఆ ఇంటికి అదొక రాబడి. నాటిన మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. నరకడం ఒక్కటే దారి కాదు. చెట్టు పచ్చగా ఉండి, మొదలు గట్టిగా ఉంటే ఇనుప తీగతో వెనక్కి లాగి కట్టించవచ్చు, కాయ ముదరకముందే దింపు తీయించవచ్చు. వాలుకు ఎదురువైపు నేల పైకి లేచినా, మొదలు కుళ్లినా, పురుగు తొలిచినా అప్పుడు నరకమని పట్టుబట్టడమే న్యాయం. వంటింట్లో మీ అత్తగారు, పిల్లలు తిరుగుతారు. ఏ చెట్టు రాబడీ వాళ్ల ప్రాణాల కంటే ఎక్కువ కాదు.

ఆయన కదలకపోతే పలాస ఆర్డీవోగారికి అర్జీ పెట్టండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 133) ఇలాంటి చెట్ల కోసం ప్రత్యేకంగా ఒక మాట చెబుతుంది. కూలిపోయే స్థితిలో ఉండి, ఇరుగుపొరుగు వారికో దారిన పోయేవారికో దెబ్బ తగిలేలా ఉన్న చెట్టును తొలగించమని గానీ, దానికి ఊతం పెట్టమని గానీ ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు హోదాలో ఆర్డీవో షరతుతో ఉత్తర్వు ఇవ్వవచ్చు. యజమానికి అభ్యంతరం ఉంటే హాజరై చెప్పుకుంటాడు. ఉత్తర్వు ఖాయమయ్యాకా మొండికేస్తే మెజిస్ట్రేటే పని చేయించి ఖర్చు రాబట్టవచ్చు. ఆ ఉత్తర్వును సివిల్ కోర్టులో ప్రశ్నించడానికీ వీల్లేదు. ఇది మీ కొబ్బరికి పనికొస్తుంది. పనసకొమ్మకు, గోడ బీటకు ఈ సెక్షన్ వాడకండి, అవి ఇద్దరి మధ్య సివిల్ తగాదాలని అర్జీ తిప్పి పంపుతారు.

సివిల్ దావా వేయవలసి వస్తే, చెట్టు సరిచేయించమని ఆదేశాత్మక ఇంజంక్షన్ (కోర్టు ఆజ్ఞ), రేకులకూ గోడకూ నష్టపరిహారం ఒకే దావాలో అడగవచ్చు. ఉపద్రవం రోజూ కొనసాగుతున్నదే కాబట్టి ఇంజంక్షన్‌కు కాలదోషం (దావా గడువు దాటిపోవడం) భయం లేదు. పాత నష్టానికి డబ్బు అడగాలంటే మాత్రం జాప్యం చెయ్యకండి. కోర్టు అడ్వకేట్ కమిషనరును పంపి చెట్టు, గోడ చూసి రిపోర్టు ఇమ్మనగలదు. నా అనుభవంలో ఇలాంటి దావాలు సగం ఆ రిపోర్టు మీదే తేలతాయి. అయినా రేకుల ఖరీదు కోసం ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగమని నేను చెప్పను.

హద్దు ఎక్కడో ఇద్దరూ ఒప్పుకుంటున్నారా? మీ లేఖలో ఆ మాట లేదు. పొలమైతే ఎఫ్-లైన్ దరఖాస్తు పెట్టి సర్వేయరుతో కొలిపించవచ్చు. మీది గ్రామకంఠం (ఊరి ఇళ్ల స్థలం) అయితే విడి ఇళ్ల కొలతలు పాత సర్వే పటంలో ఉండవు, దస్తావేజులో రాసిన హద్దులే ఆధారం. చెట్టు మొదలు సరిగ్గా హద్దు మీదే ఉంటే అది ఇద్దరి ఉమ్మడి ఆస్తి, ఏ ఒక్కరూ కొట్టకూడదు. పనసను మొదలంటా తీసేయాలని ఎవరనుకున్నా, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి సంగతి అటవీశాఖ కార్యాలయంలో కనుక్కున్నాకే గొడ్డలి పట్టాలి.

వరసైనవాళ్లు కాబట్టి మీకు నేను సూచించే దారి లోక్ అదాలత్. దావా వేయకముందే అర్జీ పెట్టుకోవచ్చు, కోర్టు ఫీజు ఉండదు. రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. 1987 నాటి న్యాయ సేవల అధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు, ఆదాయంతో సంబంధం లేకుండా, ఉచితంగా లాయరును ఇస్తారు. శ్రీకాకుళం జిల్లా కోర్టు ఆవరణలోని సంస్థకు గానీ, సోంపేట కోర్టులోని మండల కమిటీకి గానీ వెళ్లండి. 15100కి ఫోన్ చేసినా చెబుతారు. మీవారు ఊళ్లో లేరని ఆగకండి, అర్జీ మీ పేరుతోనే పెట్టవచ్చు.

వెళ్లేటప్పుడు తేదీ పడే ఫొటోలు (చెట్టు వాలు, మొదలు, పగిలిన రేకులు, గోడ బీట), రేకులు కొన్న బిల్లు, ఇంటి దస్తావేజు నకలు, మావయ్యగారికి పంపిన లేఖ, పోస్టు రసీదు తీసుకెళ్లండి. ఉద్యాన సహాయకుడు రాసిచ్చిన కాగితం ఉంటే ఇంకా మంచిది. మన తీరంలో తుఫాన్లు ఎక్కువగా అక్టోబరు, నవంబరుల్లో వస్తాయి, ఆర్డీవోగారి అర్జీ మాత్రం అంతకు ముందే పడేలా చూసుకోండి.