సిస్టీన్ రాయి: నీళ్లు తగ్గిస్తే మేలా, పెంచితే మేలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర ఊరు. మా బాబుకు 14 ఏళ్లు. రెండేళ్లలో రెండుసార్లు కిడ్నీలో రాయి తీశారు. ఈసారి రాయిని ల్యాబ్‌కు పంపితే ‘సిస్టీన్’ అని వచ్చింది. బోరు నీళ్ల ఫ్లోరైడ్ వల్లే అని అందరూ అంటుంటే నీళ్లు తక్కువగా తాగిస్తున్నాం. మాది మేనరికం. చిన్నపాపకు కూడా వస్తుందా?

జవాబు: అమ్మా, నీళ్లు తగ్గించడం ఈ రోజే ఆపండి. బాబుకు దానివల్లే ఎక్కువ హాని. ఫ్లోరైడ్ పళ్లనూ ఎముకలనూ పాడు చేస్తుంది, నల్లగొండకు ఆ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ ఈ రాయి పుట్టింది నీళ్లలోంచి కాదు. పుట్టుకతో వచ్చే సిస్టినూరియా అనే జబ్బు వల్ల.

రక్తంలోని అమైనో ఆమ్లాలను (ప్రొటీన్‌లోని చిన్న ముక్కలను) కిడ్నీ వడకట్టి మళ్లీ రక్తంలోకి లాక్కుంటుంది. ఈ పిల్లల్లో సిస్టీన్, లైసిన్, ఆర్జినిన్, ఆర్నిథిన్ అనే నాలుగింటిని లాక్కునే దారి పనిచేయదు. మిగతా మూడూ మూత్రంలో కరిగిపోతాయి, సిస్టీన్ అంతగా కరగదు. లీటరు మూత్రంలో సుమారు 250 మిల్లీగ్రాములే కరుగుతుంది. రోజుకు 750 మిల్లీగ్రాములు పోయేవారికి మూడు లీటర్ల మూత్రం రావాలి. లీటరున్నరే వస్తే సగం సిస్టీన్ కరగక మిగిలి, ఆరు మూలల పలుచని పలకల్లా గడ్డకడుతుంది. మైక్రోస్కోపులో ఆ ఆకారం కనబడితే జబ్బు దాదాపు ఖాయమే.

అసలు చిక్కు రాత్రిపూట. ఏడెనిమిది గంటలు నీళ్లు పడక మూత్రం చిక్కబడుతుంది, రాయి అప్పుడే పెరుగుతుంది. పడుకునే ముందు రెండు గ్లాసులు తాగించండి. రాత్రి ఒకసారి లేపి, మూత్రానికి పంపి, ఇంకో గ్లాసు ఇవ్వండి. తెల్లవారి మూత్రం పచ్చగా వస్తే రాత్రి నీళ్లు చాలలేదన్నట్టే. ఎంత తాగాడన్నది కాదు, ఎంత పోశాడన్నదే లెక్క. ఒక సెలవు రోజు, పొద్దున మొదటి మూత్రం వదిలేసి, మర్నాడు పొద్దున మొదటి మూత్రం దాకా అంతా ఒక డబ్బాలో పట్టి కొలవండి. ఎంత రావాలో బరువును బట్టి డాక్టర్ చెబుతారు. ఎండాకాలం చెమటకే చాలా పోతుంది కాబట్టి అప్పుడు మళ్లీ కొలవాలి. బడిలో మరుగుదొడ్డికి పోవాల్సి వస్తుందని పిల్లలు నీళ్లు మానేస్తారు. టీచర్లకు ముందే చెప్పి ఉంచండి.

ఇంత నీళ్లు తాగేవాడికి బోరు నీళ్లు వద్దు, ఫ్లోరైడ్ కూడా అంత ఎక్కువగా ఒంట్లోకి పోతుంది. మరగబెడితే అది పోదు సరికదా, చిక్కబడుతుంది. మిషన్ భగీరథ కింద నల్లాకు వచ్చే కృష్ణా నీళ్లు తాగించండి.

పాప విషయం: సాధారణంగా తల్లిదండ్రులిద్దరూ ఆ లోపం మోస్తేనే బిడ్డకు జబ్బు వస్తుంది. ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు అవకాశం. మేనరికంలో ఇద్దరూ ఒకే లోపం మోసే వీలు ఎక్కువ. నొప్పి వచ్చేదాకా ఆగకుండా పాపకు మూత్రంలో సిస్టీన్ పరీక్ష, కడుపు స్కానింగ్ చేయించండి. జన్యు సలహాకు హైదరాబాద్ నిమ్స్‌లో విభాగం ఉంది.

ప్రశ్న: నాకూ ఇదే రాయి. పొటాషియం సిట్రేట్ రాశారు. వంటసోడా కలిపిన నీళ్లు, కొండపిండి ఆకు చాలవా? టమాటలు మానేశాను. (మహబూబ్‌నగర్)

జవాబు: వంటసోడా వద్దు. అందులోని సోడియం మూత్రంలోకి పోయే సిస్టీన్‌ను పెంచుతుంది. తొక్కులు, పాపడాలు తగ్గించమనేదీ అందుకే. ఉప్పు రోజు మొత్తానికి ఒక చిన్న చెంచా దాటకూడదు. మజ్జిగలోనూ వేసుకోకండి. కొండపిండి కూర తినండి, కానీ అది ఈ రాయిని కరిగిస్తుందని నమ్మి మందు ఆపొద్దు. టమాట, పాలకూర భయం ఆక్సలేట్ రాళ్ల వాళ్లది, మీది కాదు. మాంసం మాత్రం రోజూ పెద్ద మోతాదులో వద్దు. ఎదిగే పిల్లలకు మాత్రం గుడ్డు, పప్పు తగ్గించకూడదు.

సిట్రేట్ మూత్రంలో ఆమ్లాన్ని తగ్గిస్తుంది, అప్పుడు సిస్టీన్ బాగా కరుగుతుంది. ఆ సిరప్‌ను గ్లాసు నిండా నీళ్లలో కలిపి, తిన్నాక, చెప్పిన మోతాదును రోజుకు రెండు మూడుసార్లుగా తాగాలి. ఆమ్లం ఎంతుందో రంగుతో చూపే పీహెచ్ పట్టీతో చూస్తే మూత్రం 7 నుంచి 7.5 మధ్య ఉండాలి. 7.5 దాటితే కాల్షియం ఫాస్ఫేట్ రాయి పడొచ్చు, అందుకే సొంతంగా మోతాదు పెంచకండి. రక్తంలో పొటాషియం, కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్షలు తప్పవు. ఇన్ని చేసినా రాళ్లు పడుతుంటే సిస్టీన్‌ను కరిగే రూపంలోకి మార్చే టయోప్రోనిన్ లాంటి మందులుంటాయి. అవి వాడేటప్పుడు మూత్రంలో ప్రొటీన్, రక్తకణాల సంఖ్య చూస్తుండాలి.

నడుము నొప్పితో పాటు చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగినా తెల్లారేదాకా ఆగకండి, అదే రాత్రి ఆసుపత్రికి వెళ్లండి.